బాపును ఉత్తగ పిలిచిన పేగు

మా బాపు చాలా రోజులుగా మాటిమాటికీ దొడ్డికి పరిగెత్తుతున్నాడు. వెళ్తే ఏమీ రాదు. వేడి చేసిందని సబ్జా నీళ్లు తాగాడు. చివరికి తింటేనే కదా వచ్చేదని సిగ్గుతో ఎవరికీ చెప్పకుండా రాత్రి అన్నమే మానేశాడు.

ఈ రోజు మహబూబ్‌నగర్ దవాఖానలో డాక్టరమ్మ కెమెరా గొట్టంతో పేగు లోపల చూస్తుంటే, "ఇప్పుడు గూడ వస్తాందమ్మా" అన్నాడు బాపు.

ఆమె తెర మీద చూపించింది. "జర చూడు పెద్దాయనా, లోపల ఏం లేదు. గడ్డ గూడ లేదు. పేగు చివర వాచింది. ఆ వాపే నిన్ను ఉత్తగ పిలుస్తాంది. మందులతోని తగ్గుతది."

ఖాళీగా, ఎర్రగా మెరుస్తున్న తన పేగును బాపు నోరు తెరిచి చూశాడు. పక్కనున్న నేనూ అంతే.

"బోరు ఎండినా మోటరు నడిచినట్టే ఉన్నది గదా! నేనేమో అన్నం మీద కోపం వెట్టుకున్న" అన్నాడు.

బయటికి రాగానే కడుపు నిండా తిన్నాడు. మీ ఇంట్లోనూ ఎవరైనా ఇది చెప్పుకోలేక పస్తులుంటున్నారేమో, ఈ పూట అడిగి చూడండి.