రాజుగారు పలకని పేరు

రెబెకా పగలంతా యూనివర్సిటీలో అమ్మాయిల హాస్టల్ ఆఫీసులో ఫీజు రసీదులు రాస్తుంది, సాయంత్రం తార్నాకలో ఇంటికొచ్చి రాజ్యమేలుతుంది. ఆ రాజ్యం ఫోన్లో ఉంది. కథలు పెట్టే ఒక యాప్‌లో ఆమె వారం వారం రాసే సీరియల్‌లో ఒక రాజు, ఇద్దరు రాణులు, ఒక్కగానొక్క రాజకుమారి. యుద్ధాలు లేవు. నగలు వర్ణించమని అడిగేవాళ్ళు అడుగుతూనే ఉంటారు, ఆమె వినిపించుకోదు. పెద్ద రాణి దాహమేసినా మంచినీళ్ళు ఎందుకు అడగదు, చిన్న రాణి గుమ్మం దగ్గర ఎందుకు ఆగిపోతుంది, ఇలాంటివే ఆమెకు కావాలి. మనిషి ప్రవర్తన ఊరికే ఊడిపడదని, అది ఏదో ఒక వంటింట్లోనే తయారవుతుందని ఆమె నమ్మకం. అది కోటలో వంటిల్లయినా సరే, తార్నాకలో వంటిల్లయినా సరే. హాస్టల్ మెస్సులో ఒక పిల్ల కంచానికి చెయ్యి అడ్డం పెట్టుకుని తింటుంటే, ఎంతమంది అన్నదమ్ముల మధ్య పెరిగిందో అని ఆలోచిస్తూ తన టీ చల్లారబెట్టుకునే రకం. వారం తిరిగేసరికి ఆ పిల్ల చెయ్యి చిన్న రాణికి వచ్చేస్తుంది.

కథలో రాజుగారికో అలవాటు ఉంది. రోజూ కొలువులో తనవాళ్ళందరినీ పేరుపేరునా తలుచుకుని, వాళ్ళ క్షేమం కోరి, ఆ తరవాతే పని మొదలుపెడతాడు. కూతురి పేరు మాత్రం పలకడు. ఆ పిల్ల ఎదురుగానే కూర్చుని ఉంటుంది. ఇది చదివిన పాఠకులు రాజు మీద కత్తులు నూరుతున్నారు. అతనికి తగిన శాస్తి చెయ్యమని కింద ఒకటే కామెంట్లు.

ఆఫీసులో పక్క సీటు జెస్సికా ఒక్కతే వేరేగా అంది. సీతాఫల్‌మండి పిల్ల, నోరు ఆగదు.

"రాజు విలన్ అంటే ఖతం, కథ అయిపోయినట్టే మేడమ్. ఆయన అట్ల ఎందుకు అయిండో చెప్పరేంది?"

"చెప్తాలే" అంది రెబెకా. చెప్పడానికి తనకు తెలిస్తే కదా!

ఆ రాజు ఎవరో కాదు, ఇంట్లో పడక్కుర్చీలో కూర్చునే సుందరరావు మాస్టారు, ఆమె తండ్రి. గుంటూరు వైపు నుంచి వచ్చి ఇక్కడ బడిలో హెడ్‌మాస్టరుగా రిటైరయ్యారు. రోజూ దీపాలు పెట్టే వేళకి కుటుంబ ప్రార్థన చేస్తారు. బెజవాడలో కొడుకు శాంసన్, కోడలు, మనవలు, పాస్టరుగారు, గోల్నాకలో మోకాళ్ళు పట్టేసిన హెలెన్ పిన్ని, ఇంటి పనికొచ్చే లచ్చవ్వ, చివరికి స్తంభాలెక్కే లైన్‌మన్ మొగిలి కూడా ఆ ప్రార్థనలో ఉంటారు. రెబెకా ఉండదు.

ఆమె రవికాంత్‌ని పెళ్ళి చేసుకుని వెళ్ళిపోయిన మనిషి. వాళ్ళు హిందువులు. రామంతాపూర్‌లో కాపురం, ఆటో ఎక్కితే ఎంతో దూరం లేదు. అయినా పదేళ్ళ పైన ఆమె ఈ గుమ్మం తొక్కలేదు, తొక్కమని ఎవరూ అనలేదు. రవికాంత్ పోయాక ఒక సూట్‌కేసుతో వచ్చింది. అప్పటికి తల్లి లేదు. మాస్టారు గేటు తీసి "అన్నం తిన్నావా?" అన్నారు, అంతే. ఆ సాయంత్రం ఆమె ఒళ్ళంతా చెవులు చేసుకుని ప్రార్థనలో కూర్చుంది. ఆమేన్ వచ్చింది గానీ తన పేరు రాలేదు.

ఇంట్లోకి రానిచ్చారు, దేవుడి ముందుకి మాత్రం రానివ్వలేదు అనుకుంది. అడగొచ్చుగా అంటే, ఆ ఇంట్లో పెరిగినవాళ్ళు తండ్రి ప్రార్థన గురించి అడగరు. అలా అడగని పద్ధతిలోనే ఏళ్ళు గడిచాయి. ఆయనకి మందులిచ్చింది, చారు కాచింది, గోళ్ళు తీసింది, రోజూ కళ్ళు మూసుకుని తన పేరు కోసం ఎదురుచూసింది. ఈ వయసులో ఇదేం ఆశే అని తనను తానే తిట్టుకునేది. తిట్టినంత మాత్రాన ఆశ పోతుందా?

మొన్న ఆఫీసు ట్రైనింగని వరంగల్ పంపారు. పుట్టింటికి తిరిగొచ్చాక ఆమె ఇల్లు వదిలి బయట పడుకోవడం అదే మొదటిసారి. తండ్రికి తోడుగా లచ్చవ్వను ఉంచింది. తెల్లారి లచ్చవ్వ ఫోను చేసింది.

"అయ్య మంచిగనే ఉన్నడమ్మా. రాత్రి ప్రార్థనల నీ పేరే తీసిండు. నా బిడ్డ రెబెకాను సల్లంగ చూడు, ఇంటికి తోలుకరా అని ఒకటే ఏడ్సుడు."

రెబెకా చేతిలో టిఫిన్ ప్లేటు అలాగే పక్కన పెట్టేసింది. మనసు మారింది, నాన్న మనసు మారింది! రైలు దిగి, స్టేషన్ నుంచి ఆటోలో తిన్నగా ఇంటికొచ్చి, ప్రయాణం చీర మార్చకుండానే ప్రార్థనకి కూర్చుంది. శాంసన్ అయ్యాడు. హెలెన్ పిన్ని అయింది. తన ఇంటికి వెళ్ళిపోయిన లచ్చవ్వ పేరూ అయింది. లైన్‌మన్ దగ్గరికి వచ్చేసరికి ఇక రాదని తెలిసిపోయింది. మాస్టారు ఆమేన్ అనేలోపే ఆమె కళ్ళు తెరిచేసింది.

"నాన్నా, నా పేరేది?"

ఆయన తెల్లబోయారు.

"నీ పేరెందుకే? వచ్చేశావుగా!"

"రోజూ అందరి పేర్లూ చెప్తారు. నేనొక్కదాన్నే పనికిరానా?"

"ఓసి పిచ్చిదానా! నువ్వు రామంతాపూర్‌లో ఉన్నన్నాళ్ళూ మొదటి పేరు నీదే. మిగతావాళ్ళ వంతు ఎప్పుడొస్తుందని మీ అమ్మ విసుక్కునేది. రమ్మనడానికి నాకు నోరు రాలేదు, దేవుణ్ణే తీసుకురమ్మన్నాను. తీసుకొచ్చాడు. ఇచ్చేశాక మళ్ళీ అడిగితే ఆయన్ని నమ్మనట్టు కాదూ? బయట ఉన్నవాళ్ళ కోసమే కదా నా మొర."

రాజు అలా ఎందుకయ్యాడో తెలిసిపోయింది. తెలిస్తే కడుపు నిండాలి. నిండలేదు.

"నాకు వినాలని ఉండదా నాన్నా? ఒక్కసారి కూడా వినలేదు నేను."

ఇంట్లో ఉన్నదాన్ని లేదని మాస్టారు దేవుడితో అబద్ధం చెప్పలేరు. గుమ్మం వైపు చెయ్యి చూపించారు.

"అయితే అలా గేటు బయటికెళ్ళి నిలబడు."

యాభై దాటిన మనిషి చెప్పులు కూడా వేసుకోకుండా వీధిలోకి వెళ్ళి నిలబడింది. ఎదురింటి అమల "ఏంది మేడమ్, ఆటో రాలేదా?" అని అడిగింది. రెబెకా తల అడ్డంగా ఊపింది. కిటికీలోంచి తండ్రి గొంతు వీధిదాకా వచ్చింది.

"ప్రభువా, నా బిడ్డ రెబెకా బయట ఉంది. నేను పిలవలేను, నాకు పొగరెక్కువ. నువ్వే దాన్ని ఇంటికి తీసుకురా."

ఆ మాటలు ఆయన ఇప్పుడు అల్లినవి కావు. పదేళ్ళు రోజూ అన్నవి. రెబెకా గేటు చువ్వ పట్టుకుని ఏడ్చింది. తరవాత ఆమేన్ కోసం చూసింది. ఆయన అనలేదు. తను గడప దాటి లోపలికెళ్ళే దాకా అనరని ఆమెకు అర్థమైంది. అయినా ఇంకాసేపు అక్కడే నిలబడింది.