మోచేతి పైన గాజులు

మా అత్త రూప్లి ఒంటి మీదిది సోరియాసిస్ అని తెలియడానికి పదకొండేళ్లు పట్టింది. ఆ పదకొండేళ్లూ తండాలో ప్రతివాడూ డాక్టరే. ఒకడు నాగదోషమన్నాడు, ఒకామె కుష్టు అంది. తల్లాడ నుంచి బండి మీద వచ్చే సూదుల ఆయన ఏదో ఇంజెక్షన్ పొడిచేవాడు. పది రోజులు చర్మం నున్నబడేది, సూది ఆపగానే రెండింతలు లేచేది. అయినా ఆయన హస్తవాసి మంచిదట! నాకు ఒళ్లు మండేది.

తలలో, మోకాళ్ల మీద ఎర్రగా లేచి తెల్లటి పొట్టు రాలేది. మోచేతుల పైన మరీ ఎక్కువ. మా లంబాడీల్లో భర్త ఉన్న ఆడమనిషి మోచేతి పైన వరసగా గాజులు వేసుకుంటుంది. పూర్వం దంతానివట, ఇప్పుడు ప్లాస్టిక్‌వి. భర్త పోయినప్పుడే తీయాలి. అత్తకు ఆ గాజుల కింద చర్మం పగిలి రసి కారేది. ఆ చేతులతోనే మిరపకాయలు ఏరేది. పగుళ్లలోకి మిర్చి ఘాటు దిగితే ఎట్లా ఉంటుందో నేను చెప్పాలా? పక్క సాలు కూలీలేమో అంటుకుంటుందని ఆమె ముట్టిన బిందెలో నీళ్లు తాగేవారు కాదు.

రెండేళ్ల కింద చలికాలంలో నేనే ఖమ్మం తీసుకెళ్లాను. చర్మం డాక్టరమ్మ ఉత్త చేతులతో తడిమి చూసింది. ఒక మనిషి తనను అట్లా ముట్టుకున్నందుకే అత్తకు కళ్లలో నీళ్లు తిరిగాయి.

“ఇది అంటేది కాదమ్మా. ఎవరికైనా పాత చర్మం పోయి కొత్తది రావడానికి నెల పడుతుంది. నీకు నాలుగైదు రోజులకే వస్తోంది, పాతది రాలకముందే పేరుకుంటోంది. పూర్తిగా పోదు, మందు వాడితే అదుపులో ఉంటుంది. కానీ ఒరుసుకున్న చోట మళ్లీ లేస్తుంది. ముందు ఈ గాజులు తీసెయ్” అంది డాక్టరమ్మ.

ఇంటికొచ్చి ఆ సంగతి చెప్పగానే మా మామ వాళ్ల అక్క జమ్లి ఇంతెత్తున లేచింది. మేం మాట్లాడుకునేది మా భాషలో, ఇక్కడ తెలుగులో రాస్తున్నాను.

“నా తమ్ముణ్ని సంపుకుంటవా ఏంది?” అంది జమ్లి.

“నీ తమ్ముడు పోతే నువ్వే వచ్చి తీయిస్తవు గద వదినె. ఆయన సచ్చినంక తీసేటివి, నేను బతకనీకె తీస్తే తప్పేంది?” అంది అత్త.

మామ హాతీరాం మంచం మీద కూర్చుని బీడీ వెలిగించుకున్నాడు. అవుననలేదు, కాదనలేదు, బెల్లం కొట్టిన రాయిలా ఉన్నాడు. జమ్లి అరుపుల కన్నా ఆ మౌనానికే నాకు ఎక్కువ కోపమొచ్చింది. చేతులు వాచి గాజులు జారిరాలేదు. రంపం బ్లేడు తెచ్చి ఒక్కొక్కటీ నేనే కోశాను.

మందులతో మూడు నెలల్లో చేతులు నిమ్మళించాయి. మోకాళ్లవి మాత్రం చలికి మళ్లీ లేస్తాయి, మందు రాస్తే తగ్గుతాయి. దానితో అత్తకు పేచీ లేదు. పేచీ అంతా తండాతోనే. ఆడవాళ్లు ఆమెను పసుపు దంచడానికి పిలవడం మానేశారు. మొగుడు గుండ్రాయిలా పొలం దున్నుతుంటే పెళ్లాన్ని విధవను చేసి కూర్చోబెట్టారు.

మొన్న ఎండాకాలం మా తండాలోనే దస్రు కూతురు ప్రమీల పెళ్లి అయింది. భోజనాల దగ్గర అత్త ఆడవాళ్ల వరసలో కూర్చోబోయింది. జమ్లి కూర బకెట్ పట్టుకుని అడ్డమొచ్చి, భర్తలు పోయినవాళ్లు కూర్చున్న గోడవార చూపించింది.

“నువ్వు అటు కూసో” అంది.

అత్త పళ్లెం పట్టుకుని అట్లాగే నిలబడింది. నేను నోరు తెరిచేలోపే మామ మగవాళ్ల వరసలోంచి లేచాడు. తన పళ్లెం తీసుకుని గోడవారకు పోయి, ఆ ముసలమ్మల మధ్య చతికిలబడ్డాడు. అత్తను రమ్మని పక్కన చోటు చూపించాడు.

“నువ్వేంది గీడ?” అంది జమ్లి.

“మీ లెక్కల నేను సచ్చిన గద అక్కా. సచ్చినోడు యాడ కూసుంటే ఏంది? కూర ఎయ్యి.”

జమ్లి తల వంచుకుని ఆయనకు వేసింది, అత్తకూ వేసింది. మామ గొప్ప పని చేసినవాడిలా అత్త వైపు చూశాడు.

అత్త ముద్ద కలుపుతూనే అంది, “గీ మాట ఆనాడు మంచం మీద కూసోని ఎందుకు అనకపోతివి?”