అమెరికా బండిలో నిమ్మకాయ

ఇది జరిగిన రోజుల్లోనే రాసి ఉండాల్సింది. అప్పటికి నాకు ఒత్తులు రావు. రాయచోటి దగ్గర మా ఊళ్ళో బడి మా ఇంటికి ఎదురుగానే ఉండేది. ఆ బడి వెనక గోడకు నేను పిడకలు కొట్టేదాన్ని. లోపల పిల్లలు ఎక్కాలు చెప్తుంటే గోడ ఇవతల నుంచి నేనూ చెప్పేదాన్ని. అలా ఎక్కాలు నోటికి వచ్చాయి గానీ అక్షరం కంటికి రాలేదు. అవతల పలకల మీద ఏం రాస్తున్నారో ఎవరూ చూపించలేదు, చూపించమని నేనూ అడగలేదు. పెళ్ళయి, పిల్లలు పుట్టి, వాళ్ళకూ పెళ్ళిళ్ళయి, నేను కువైట్ వచ్చి సల్వాలో ఒక ఇంట్లో వంటకు కుదిరాక, జుట్టు సగం తెల్లబడ్డాక, నా మొగుడు నాకు అక్షరాలు నేర్పాడు. కారు మీద.

ఆయన అదే ఇంట్లో డ్రైవరు. ఇక్కడ సాయంత్రం కడిగిన బండి తెల్లారేసరికి పిండి చల్లినట్టు ఉంటుంది. బకెట్టు పెట్టుకుని కడగబోయే ముందు ఆయన బానెట్ మీద దుమ్ములో వేలితో ఒక అక్షరం రాసేవాడు. పక్కన నేను దిద్దేదాన్ని. ఇంట్లో వాళ్ళు లేచేలోగా నీళ్ళు కొట్టేసేవాళ్ళం. అది మంచమంత బానెట్. అచ్చులన్నీ ఒక వరసలో పట్టేవి. వేరే ఇళ్ళల్లో ఉండే చిన్న జపాను కారైతే నేను ఇంకా ఋ దగ్గరే ఉండేదాన్నేమో.

ఆ బండి ఇంటి పెద్దామెది. మేమంతా ఆమెను మామా అంటాం. ఊళ్ళో నేను మొగుణ్ణి మామా అని పిలిచేదాన్ని. ఇక్కడికి వచ్చాక ఆ పిలుపు ఈమెకు పోయింది, ఆయన ఉత్త ‘ఇదో’ అయిపోయాడు. మామాకు మోకాళ్ళ నొప్పులు, షుగరు. ఆస్పత్రికో, సబా అల్ సలేంలో ఉన్న చెల్లెలింటికో పోయేటప్పుడు వెనక సీట్లో ఆమె పక్కన నేను కూర్చోవాలి. ఆ సీటు సోఫా లాంటిది. తలుపు వేస్తే బీరువా మూసినట్టు చప్పుడు వస్తుంది. ఏసీ పెడితే అరచేతులు చల్లబడి పోతాయి. గేరు స్టీరింగు పక్కనే ఉంటుంది. పెట్రోలు తాగుతుంది, రెండు బండ్ల చోటు ఆక్రమిస్తుంది. అయినా మామా ఇంకో బండి ఎక్కదు.

దారిలో ఆమె చెప్పే కథలన్నీ ఆ కంపెనీ కథలే. ఆ అమెరికా కంపెనీ బండి వాళ్ళ ఇంటికి మొదట తెచ్చింది ఆమె మామగారట. ఓడలో వచ్చిన బండిని రేవు దగ్గర దించుతుంటే వీధి వీధంతా చూడటానికి పోయిందట. మామా పెళ్ళికూతురై వచ్చింది అందులోనే. “వెనకాల చేప రెక్కల్లాంటివి ఉండేవి. పిల్లలు వాటిని పట్టుకుని పరుగెత్తేవాళ్ళు,” అంటుంది. తర్వాత ఆమె భర్త, మేం చూడని బాబా, కొన్నేళ్ళకొకటి మార్చాడు, కంపెనీ మాత్రం మార్చలేదు. ఇరాక్ వాళ్ళు వచ్చిన ఏడాది, ఎవరూ ఎత్తుకుపోకుండా వీళ్ళే చక్రాలు నాలుగూ విప్పి, బండిని ఇటుకల మీద పెట్టి దేశం వదిలి పోయారట. తిరిగొచ్చేసరికి అద్దాలు పోయాయి, బండి ఉంది. ఆ తర్వాత బాబా కొన్న ఆఖరి బండి ఇది. ఇందులోనే ఆయన్ను ఆస్పత్రికి తీసుకుపోయారు. ఇది చెప్పేటప్పుడు మామా సీటు మీద చెయ్యి వేసి రాస్తుంది. నేను బయటికి చూస్తాను.

ఈ బండి అంటే పెద్దకొడుక్కు పడదు. శుక్రవారం అందరూ భోజనానికి వచ్చినప్పుడు నేను అన్నం పళ్ళెం పట్టుకుని తిరుగుతుంటే వినబడింది.

“ఆ కంపెనీ వాళ్ళే ఇలాంటి కార్లు చెయ్యడం మానేశారమ్మా. అమెరికా వాడే వదిలేసిన దాన్ని మనం ఎందుకు మొయ్యాలి? సామాను దొరకదు. తుక్కు దుకాణాల వెంట పడి దరేవల్ ఏదో ఒకటి తెచ్చి తగిలిస్తున్నాడు.”

“నడుస్తోంది కదా.”

“నడుస్తోంది గనకే ఇప్పుడే అమ్మేద్దాం. నీకు ఎక్కడికి కావాలంటే అక్కడికి నేను తీసుకుపోతాను. ఫోన్లో నొక్కితే టాక్సీ వస్తుంది. మనకిక దరేవలూ అక్కర్లేదు.”

దరేవల్ అంటే డ్రైవరు. అంటే మా ఆయన. కాగితం మీద మా ఇద్దరికీ పూచీ పడ్డ కఫీల్ మామానే అయినా అన్నీ నడిపేది కొడుకే. ఇక్కడ ఉండనిచ్చే కార్డు ఇఖామా. మా ఆయన ఇఖామా గడువు దగ్గర పడుతోంది. బండి పోతే రెన్యువల్ ఉండదు. ఆయన ఊరికి, నేను ఇక్కడ. పెళ్ళయినప్పటి నుంచి ఆయన ఇక్కడ, నేను అక్కడ. ఫోన్లోనే కాపురం చేశాం. ఒకే గేటు లోపలికి వచ్చాక ఇప్పుడే కాస్త మొగుడూ పెళ్ళాంలా ఉన్నాం. అది కూడా ఆయన గది గేటు పక్కన, నాది వంటింటి మీద. అయినా పొద్దున లేస్తే ఒకరి ముఖం ఒకరికి కనబడుతుంది. మళ్ళీ పాత కాపురమేనా అని ఆ రోజు నుంచి నా చెయ్యి ఒక చోట నిలవలేదు. తుడిచిన బండనే మళ్ళీ తుడిచేదాన్ని. ఉప్పు వేశానో లేదో తెలిసేది కాదు.

ఆయన మాత్రం దీనికి దారి వేరే వెతికాడు.

ఏటా ఆయుధ పూజ పొద్దు ఆయన తెల్లవారకముందే లేచి బండి కడిగి, ఎవరికీ కనబడకుండా స్టీరింగు కింద కుంకుమ బొట్టు పెట్టి, టైర్ల కింద నిమ్మకాయలు పెట్టి, బండిని అడుగు ముందుకు తీసేవాడు. తొక్కలు నేను ఊడ్చి సంచిలో కట్టేదాన్ని. ఆ ఏడు ఇంకొకటి చేశాడు. ఊళ్ళో అయితే లారీ ముందు నిమ్మకాయ, మిరపకాయలు నల్లతాడుకు కట్టి వేలాడదీస్తారు. ఇక్కడ ముందు కడితే చూస్తారు. బానెట్ ఎత్తి లోపల కట్టాడు.

“అక్కడెందుకబ్బా?” అన్నాను.

“దిష్టి తగిలింది బయట కాదే, ఇంజనుకే. నాలుగు నెలల్నుంచి దీని మీద ఒకే కన్ను.”

“ఎవరిది?”

“ఎవురిదో నీకు తెల్దా? శుక్రవారం శుక్రవారం అన్నం తినేదానికి వస్తాడే.”

ఆ వారంలోనే మామాను చెల్లెలింటికి తీసుకుపోతున్నాం. రోడ్డెక్కిన కాసేపటికి ఊరగాయ మాడినట్టు వాసన వచ్చింది. “వంట చేసి అట్లాగే వచ్చావా ఏంటి, నీ బట్టల వాసనా ఇది?” అని మామా నా చీర కొంగు పట్టుకుని వాసన చూసింది. నాకు అర్థమైంది. అద్దంలో ఆయన కళ్ళు చూశాను. ఆయనకూ అర్థమైంది. ముందు నుంచి టపటపమని చప్పుడు, తర్వాత ఏసీ వేడిగాలి కొట్టింది, తర్వాత బానెట్ సందుల్లోంచి ఆవిరి. ఆయన బండి పక్కకు తీసి ఆపాడు. తాడు జారి ఫ్యాను బెల్టులో పడి దాన్ని తెంపేసింది. ఏ బండిని నిలబెట్టాలని కట్టాడో దాన్ని దారి మధ్యలో నిలబెట్టాడు.

కొడుకు వచ్చి మమ్మల్ని తన జపాను కారులో ఇంటి దగ్గర దించాడు. “నా మోకాళ్ళు గడ్డానికి తగులుతున్నాయి,” అని మామా దారంతా సణిగింది. బండిని లాక్కుపోయే లారీ వెంట ఆయన షువైఖ్ గరాజుకు పోయాడు, కొడుకు కూడా వెనకే పోయాడు. అక్కడ బానెట్ ఎత్తుతారు. అది నాకు తెలుసు. నేను మామాకు మందులిచ్చాను, మళ్ళీ ఇవ్వబోతే ఆమె నా చెయ్యి పట్టుకుని ఆపింది. ఆయనకు ఫోన్ చేశాను, ఎత్తలేదు. వంటింటి కిటికీకీ గేటుకూ మధ్య తిరిగాను. బియ్యం నానబెట్టి, ఎందుకు నానబెట్టానో మరిచిపోయాను.

కొడుకు వచ్చి నేరుగా ఫోన్ నా ముఖం ముందు పెట్టాడు. నల్లగా మాడిన నిమ్మకాయ చెక్క, మిరపకాయ తొడిమలు, తాడు ముక్క.

“ఇదేంటి?”

నేను తడి చేతులు కొంగుకు తుడుచుకున్నాను.

“సిహర్! మా ఇంట్లో, మా అమ్మ కూర్చునే బండిలో సిహర్! మెకానిక్ చేతులు కడుక్కుని దూరంగా పోయి నిలబడ్డాడు. ఖలాస్. రేపే టికెట్ తీస్తున్నా.”

సిహర్ అంటే చేతబడి. ఇక్కడ ఆ మాట దొంగతనం కన్నా పెద్దది. మామా హాల్లోంచి కేక వేసింది, అందరినీ లోపలికి రమ్మంది. ఆయన అప్పుడే బస్సు దిగి వచ్చాడు, చొక్కా మీద ఇంజను మసి.

“ఎవరి మీద చేశారు?” అంది మామా.

“ఎవరి మీదా కాదు మామా,” అన్నాను. నాకు వచ్చిన అరబ్బీ వంటింటి అరబ్బీ. అందులోనే చెప్పాను. “బండి కోసం. దానికి కన్ను తగలకూడదని.”

“ఐన్?”

“ఐన్ మామా.”

ఆమె వెనక్కి వాలింది. ఐన్ అంటే చెడు చూపు, అది ఆమెకు కొత్త కాదు. మనవడికి జ్వరం వస్తే ఖురాన్ చదివి ఊదుతుంది, ఇల్లంతా బఖూర్ పొగ వేస్తుంది.

“నా బండి మీద కన్ను ఎవరిది?”

మా ఆయన, పాపం కావాలని కాదు, తల ఎత్తి కొడుకు వైపు చూశాడు. మామా ఆ చూపు పట్టుకుంది. ముందు ఆమె బుగ్గలు కదిలాయి, తర్వాత పొట్ట కదిలింది, తర్వాత తల గుడ్డ కొస నోటికి అడ్డం పెట్టుకుంది. కొడుకు ముఖం ఎర్రబడింది.

“నవ్వుతావేంటమ్మా? ఇది హరామ్.”

“హరామే. నేను కాదన్నానా?” ఆమె నవ్వు ఆపి మా ఆయన వైపు తిరిగింది. “విను దరేవల్. ఇంక ఎప్పుడూ, ఏ రోజూ, నా బండికి ఈ నిమ్మకాయల పని చెయ్యనని నాకు మాటివ్వు. ఇస్తే బండి బాగుచేయించుకుంటాను, నువ్వూ ఉంటావు. ఇవ్వకపోతే నా కొడుకు చెప్పినట్టే.”

ఆయన నేల చూస్తూ నిలబడ్డాడు. ఒక్క మాట. నోరు తెరవడే! కొడుకు ఫోన్ చేతిలో తిప్పుతున్నాడు. నేను ఇక ఉండలేకపోయాను.

“చెయ్యడు మామా. ఇంక ఎప్పటికీ చెయ్యడు. నేను మాటిస్తున్నా.”

“సరే,” అంది మామా. కొడుకు తలుపు విసిరి కొట్టి పోయాడు.

గేటు దగ్గర ఆయన నన్ను పట్టుకున్నాడు.

“నిన్ను ఎవురు చెప్పమన్యారే?”

“చెప్పకుంటే రేపు ఎయిర్‌పోర్టులో ఉంటావు.”

“ఉంటా పో! మా నాయన దున్నే మడకకు చేసినాడు, నేను లారీకి చేసినా, దీనికీ చేస్తాండా. అన్నం పెట్టేదానికి ఏడాదికొకపొద్దు దండం పెట్టుకోనంటే నేను యాడికి పోతాను? తాడు ఆడ కట్టింది తప్పు, ఒప్పుకుంటా. దండం పెట్టేది ఎట్ల తప్పయితాది? నువ్వు నీ కూరగాయల కత్తికి బొట్టు పెట్టలా?”

పెట్టాను. ఉల్లిపాయల బుట్ట వెనక ఎవరికీ కనబడకుండా పెట్టాను, మామా అడిగినప్పుడు అది గుర్తుకే రాలేదు.

“అబద్దం చెప్పి ఈడ ఉండమంటావా?” అన్నాడు.

“ఉండమంటా. ఒక్క మాటకు మళ్ళా ఫోన్లో కాపురం చేయమంటావా నన్ను?”

ఆయన గదిలోకి పోయి తలుపు వేసుకున్నాడు. అన్నం పంపితే అట్లాగే తిరిగొచ్చింది.

ఆయన ఉండటమే నాకు కావాలి. కానీ ఆయన అలా తలుపు వేసుకుని, నేను ఇచ్చిన మాట కింద ఉండేటట్టయితే, ఏటా ఆ పండగ పొద్దు నా ముఖం కూడా చూడడు. ఆయనకు ఊరు పోవడం కష్టం కాదు, నాకే కష్టం. నా కష్టం కోసం ఆయన నోటి మాట నేను తీసి ఇచ్చేశాను. పడుకున్నాను గానీ ఒక పక్కకు కుదరలేదు.

మరునాడు పొద్దున మామా నమాజు ముగించి కుర్చీలో కూర్చోగానే పాల చాయ్ తీసుకుపోయాను. గ్లాసు ఆమె చేతికి ఇచ్చి, కూర్చోకుండా అక్కడే నిలబడ్డాను.

“మామా, నిన్న నేనిచ్చిన మాట వెనక్కి తీసుకుంటున్నా. అది ఆయన మాట కాదు, నాది. ఆయన ఏడాదికొకసారి బండికి దండం పెట్టుకుంటాడు. నేనూ వంటింట్లో పెట్టుకుంటాను, కత్తికి. పంపించాలంటే పంపించు.”

ఆమె చాయ్ ఊదుకుంటూ రెండు గుక్కలు తాగింది.

“ఇంజన్లో కూరగాయలు పెట్టొద్దను,” అంది చివరికి.

“పెట్టడు మామా.”

“నా గేటు లోపల నాకు కనబడకూడదు. నీ కత్తి సంగతి కూడా.”

“కనబడదు.”

“నిన్న మీరు చెప్పకపోయినా నాకు తెలుసు. ఏటా ఆ రోజు నా వాకిలి నిమ్మకాయ వాసన వస్తుంది. నాకు మోకాళ్ళు పోయాయి, ముక్కు పోలేదు.” ఆమె గ్లాసు పక్కన పెట్టింది. “ఇఖామా సంగతి నేను మాట్లాడతాను. వాడి జపాను కారులో నేను ఇంకొక్కసారి ఎక్కను. యల్లా, దరేవల్‌ను లేపి గరాజుకు పంపు.”

నేను కిందికి పోయి ఆయన తలుపు కొట్టాను. తీశాడు. లేచే ఉన్నాడు. మంచం కింది పెట్టె పైకి తీసి, సగం బట్టలు సర్ది ఉన్నాయి. ఏం మాట్లాడానో మొత్తం చెప్పాను. ఆయన విని, పెట్టెలోంచి ఒక ఉతికిన చొక్కా తీసి వేసుకున్నాడు.

“మాట వెనక్కి తీసుకునేటప్పుడు భయమెయ్యలేదా?”

“ఇంకా వేస్తానే ఉంది. బెల్టు మంచిది కొనుక్కుని రా.”

ఆయన బస్‌స్టాపు వైపు నడిచాడు. నేను పైకి వచ్చి మామా గ్లాసు కడిగాను. బియ్యం కడిగాను, పొయ్యి వెలిగించలేదు. సందు చివర ఆ పెద్ద బండి చప్పుడు వినబడేదాకా కిటికీ దగ్గరే నిలబడ్డాను.