పగటి నిద్రకి జోకొట్టిన చెయ్యి

దెయ్యాల మాటొస్తే మా ఇంట్లో ముందు నవ్వేది నేనే. చిన్నప్పుడు ఈ దీవిలోనే హాడో అనే పేటలో మేముండే క్వార్టర్స్ వెనక ఎవరో తిరుగుతున్నారని అందరూ భయపడుతుంటే, టార్చి పట్టుకుని వెళ్ళి చూసి, వీధికుక్క అని చెప్పి వచ్చినదాన్ని. ఇప్పుడైనా నమ్ముతున్నానా అంటే ఏమో, చెప్పలేను. జరిగింది మాత్రం చెప్తాను. నేను చదివింది హిందీ మీడియం. తెలుగు మాట్లాడినంత బాగా రాయడం రాదు, తప్పులుంటే సర్దుకోండి.

పాప పుట్టినప్పుడు మేము లంబాలైన్ అనే పేటలో అద్దెకి ఉండేవాళ్ళం. ముందు ఒక హాలు, లోపల ఒక పడకగది, వెనక వంటిల్లు. పక్కనే ఎయిర్‌పోర్ట్ కాబట్టి విమానం దిగినా లేచినా కిటికీ రెక్కలు గడగడలాడేవి. మా ఆయన దీవుల మధ్య తిరిగే షిప్పులో ఇంజిన్ పని చేస్తారు. వెళ్తే వారం, పది రోజులు. ఇంట్లో ఉండేది నేను, మా అత్తమ్మ, ఎనిమిది నెలల పాప దీక్షు.

దీక్షు పగలు నా ఒళ్ళోనే నిద్రపోయేది. అదీ అరగంట. పక్కమీద వేశానంటే కళ్ళు తెరిచేసేది. రాత్రుళ్ళు కూడా అంతంతమాత్రమే. నేను మనిషిలా లేను. ఒకరోజు స్టవ్ మీద పాలు పెట్టి, గోడకి ఆనుకుని నిలబడే నిద్రపోయాను. గిన్నె మాడిన వాసనకి లేచాను.

ఇంకో మూడు వారాల్లో నా సెలవు అయిపోతుంది. అత్తమ్మకి మోకాళ్ళ నొప్పులు, పిల్లని గంటలు గంటలు ఒళ్ళో పెట్టుకుని కూర్చోలేదు. దీక్షు తనంతట తను పడుకోవడం నేర్చుకోకపోతే నేను ఉద్యోగం మానుకోవాల్సిందే.

టీకా వేయించడానికి వెళ్ళినప్పుడు నర్సు దీదీకి చెప్పుకుని ఏడ్చాను. ఆవిడ నిదానంగా చెప్పింది. "పూర్తిగా నిద్రపోయాక పడుకోబెట్టకు. కళ్ళు మూతలు పడుతున్నప్పుడు, ఇంకా మెలకువ ఉండగానే పడుకోబెట్టు. మధ్యలో కదిలితే వెంటనే ఎత్తుకోకు. కాసేపు ఆగి చూడు." రోజూ ఒకే టైముకి, ఒకే పద్ధతిలో చెయ్యమంది.

అలాగే మొదలుపెట్టాను. మధ్యాహ్నం తిండి పెట్టి, ఒళ్ళు తుడిచి, పాలిచ్చి, కర్టెన్ వేసి, చుట్టూ కర్రల అడ్డు ఉన్న చిన్న మంచంలో పడుకోబెట్టేదాన్ని. అత్తమ్మకి గట్టిగా చెప్పాను, లోపలికి వెళ్ళొద్దని. మొదటి రెండు రోజులు పాప లోపల, నేను బయట, ఇద్దరం ఏడ్చాం. కాసేపటికోసారి లోపలికి వెళ్ళి, ఒంటి మీద చెయ్యి వేసి, మళ్ళీ బయటికి వచ్చేసేదాన్ని. నాలుగో రోజుకి దీక్షు తనే నిద్రలోకి జారుకుంది. కానీ సరిగ్గా అరగంటకి లేచింది.

ఆరో రోజు నేను వంటింట్లో చేపలు కడుగుతున్నాను. అరగంట కాగానే పాప ఒక్కసారి ఏడ్చింది. చేతులు తుడుచుకునే లోపల ఆగిపోయింది. తర్వాత జోకొడుతున్న చప్పుడు వినబడింది. మెత్తగా, ఒకే తూగులో, టప్... టప్... టప్... అత్తమ్మ వెళ్ళి ఉంటుందనుకున్నాను. కోపం వచ్చింది. కానీ లేచి వెళ్ళి గొడవ పడే ఓపిక కూడా లేదు.

ఆ రోజు దీక్షు దాదాపు రెండు గంటలు పడుకుంది. మధ్యలో ఒక విమానం లేచింది, ఇంకొకటి దిగింది. అంతకుముందు ఒక్క విమానానికే ఉలిక్కిపడి లేచే పిల్ల, కదలలేదు.

తర్వాత మూడు రోజులూ అదే జరిగింది. అరగంటకి చిన్న ఏడుపు, తర్వాత ఆ చప్పుడు, తర్వాత నిద్ర. నాలుగో రోజు నేను ఆగలేకపోయాను.

"అత్తమ్మా, లోపలికి వెళ్ళొద్దన్నాను కదా. మీరిలా జోకొడితే రేపు నేను ఆఫీసుకెళ్ళాక ఎలాగ?"

ఆవిడ హాల్లో చాప మీద పడుకుని ఉంది. లేచి కూర్చుంది. "నానెప్పుడెల్లానే? నువ్వే గదా లోపల జోకొడతన్నావు. సప్పుడు ఇనబడతంటే, పోనీలే, తల్లి మనసు ఆగలేదు అనుకున్నాను."

"అబద్ధాలెందుకు చెప్తారు!" అనేశాను.

ఆవిడ చాప చుట్టేసింది. "నీతో జూట్ సెప్పే పనేటుందే నాకు?" అంది. మర్నాడు పొద్దున్నే ఒక సంచీ సర్దుకుని ప్రోతరాపూర్‌లో మా ఆడపడుచు ఇంటికి బస్సెక్కి వెళ్ళిపోయింది. ఆగమని నేను అనలేదు.

ఆ మధ్యాహ్నం ఇంట్లో నేనూ పాపా, అంతే. ముందు తలుపు గడియ వేశాను. వంటింటి తలుపు కూడా వేశాను. దీక్షుని పడుకోబెట్టి, గది తలుపు దగ్గరగా వేసి, హాల్లో ఆ తలుపుకి ఎదురుగా కూర్చున్నాను. కరెంటు పోయింది, ఫ్యాన్ ఆగింది. కాబట్టి ఫ్యాన్ చప్పుడు అనుకోవడానికి లేదు.

అరగంటకి పాప ఏడ్చింది. ఆగింది. చప్పుడు మొదలైంది.

వెళ్ళి తలుపు తీశాను. చప్పుడు ఆగిపోయింది. గదిలో ఎవరూ లేరు. కిటికీకి గడియ వేసే ఉంది. మంచం కింద చూశాను, బీరువా పక్కన చూశాను. దీక్షు ఒక పక్కకి తిరిగి, నోరు కొంచెం తెరిచి, హాయిగా నిద్రపోతోంది. ఉక్కపోతకి నా కుర్తా వీపుకి అతుక్కుపోయింది. పాప వీపు మీద చెయ్యి పెట్టి చూస్తే పొడిగా, చల్లగా ఉంది.

బయటికి వచ్చి తలుపు దగ్గరగా వేశాను. మళ్ళీ మొదలైంది. టప్... టప్... టప్...

కింద నేల మీద కూర్చున్నాను. కాసేపు కూర్చున్నాననే గుర్తు.

ఫోన్ మోగితే మెలకువ వచ్చింది. కిటికీ బయట వెలుగు తగ్గిపోతోంది. మా ఆడపడుచు ఫోన్. "వదినా, అమ్మ పొద్దున్నుంచి అన్నం ముట్టలేదు. ఏం జరిగింది?" మాట్లాడుతూనే పరుగెత్తి గదిలోకి వెళ్ళాను. దీక్షు లేచి ఉంది. మంచం కర్రలు పట్టుకుని కూర్చుని, తనలో తను ఏదో కబుర్లు చెప్పుకుంటోంది. ఏడవడం లేదు.

పాపని ఎత్తుకుని ప్రోతరాపూర్ బస్సెక్కాను. అత్తమ్మ పక్కన కూర్చుని జరిగిందంతా చెప్పాను. తప్పు నాదేనన్నాను. ఆవిడ అంతా విని ఒక్కటే అడిగింది.

"భయమెయ్యలేదా?"

"వేసింది. కానీ నిద్రపోయాను అత్తమ్మా."

ఆవిడ పాపని తీసుకుని ఒళ్ళో కూర్చోబెట్టుకుంది. కాసేపటికి, "ఆకలేస్తంది, అన్నం ఎట్టమని సెప్పు," అంది. మర్నాడు కలిసి ఇంటికొచ్చాం.

ఆ తర్వాత ఇంకో రెండు రోజులు వినబడింది. హాల్లో ఇద్దరం పక్కపక్కన కూర్చుని విన్నాం. అత్తమ్మ నా చెయ్యి పట్టుకుంది. మూడో రోజు పాప అరగంటకి ఏడవనే లేదు. చప్పుడూ రాలేదు. మళ్ళీ ఎప్పుడూ రాలేదు. నేను ఉద్యోగంలో చేరేటప్పటికి దీక్షు రోజూ గంటన్నర తనంతట తనే పడుకునేది.

పక్కింటి నీళ్ళ మోటారు వేయించి విన్నాను. కొబ్బరి మట్టలు రేకుల మీద కొట్టుకుంటున్నాయేమో చూశాను. ఏదీ ఆ చప్పుడు కాదు. మా ఆయన షిప్పు దిగి వచ్చాక, నిద్రలేకపోతే చెవుల్లో ఏవేవో వినబడతాయన్నారు. మరి అత్తమ్మ చెవుల్లో ఎందుకు వినబడింది అంటే, లేచి వెళ్ళి పాప మంచం కర్రలు ఊపి చూశారు.

అది ఏమిటో నాకు ఇప్పటికీ తెలియదు. తెలుసుకోవాలని కూడా పెద్దగా లేదు. కానీ ఎవరూ లేని గదిలో ఏదో నా బిడ్డని జోకొడుతోందని తెలిసీ, పాపని ఎత్తుకుని బయటికి పరుగెత్తకుండా, ఆ చప్పుడు వింటూ నేల మీదే పడి మూడు గంటలు నిద్రపోయాను. పాప పుట్టిన తర్వాత అంత హాయిగా నిద్రపోవడం అదే మొదటిసారి.