షావుకారు నిద్రపోయిన కనుమ

ఇన్నేళ్ళలో నన్ను ఎవరూ అడగలేదు. షావుకారును అడిగారు. దస్తగిరి మామను అడిగారు. మా తోటి డ్రైవరు దావీదు చనిపోయినప్పుడు పోలీసులు దారిన పోయే మేకల కాపరిని కూడా పిలిచి అడిగారు. అంతకుముందు షావుకారును లారీలో కనుమ దాటించింది నేను. అసలు సంగతి అక్కడుంది. నన్ను మాత్రం అడగాలని ఎవరికీ తోచలేదు. నా మాటకు ఎప్పుడూ ఇంతే విలువ. అడిగి ఉంటే చెప్పేవాడినా? చెప్పేవాడిని కాదేమో. అయినా అడగాల్సింది. చెప్పని మాట బరువు తినేటప్పుడూ పడుకునేటప్పుడూ నా మీదే ఉంది. మీరెవరో నాకు తెలియదు. తెలియదు కాబట్టే మీకు చెబుతున్నాను.

యుద్ధం రోజులు. పెట్రోలు దొరకక మా షావుకారు తన లారీలన్నిటికీ బొగ్గు పొయ్యి కట్టించాడు. నిలువెత్తు డ్రమ్ములో బొగ్గు కాలి వచ్చే గ్యాసుతో ఇంజను నడవాలి. మార్కాపురంలో పలకల పెట్టెలు ఎత్తుకుని, కంభం, గిద్దలూరు మీదుగా నల్లమల కనుమ ఎక్కి, నంద్యాలలో దించి రావాలి. చదునులో ఆ గ్యాసు చాలుతుంది. ఎక్కుడులో లారీకి ఊపిరి ఆడదు, ఉన్నట్టుండి నిలిచిపోతుంది. ఆ బరువుకు చేతి బ్రేకు చాలదు. ఎవరో ఒకరు దూకి వెనక చక్రం కింద రాయి పెట్టాలి. అందుకే ఒకప్పుడు క్లీనరు ఉండేవాడు. ఖర్చు తగ్గించాలని షావుకారు క్లీనర్లను తీసేశాడు. బ్రేకు తొక్కేదీ మేమే, దిగి రాయి పెట్టేదీ మేమే. రెండూ ఒకే మనిషి ఒకేసారి ఎలా చేస్తాడు? పైగా, పగిలిన పలకలకు మా జీతంలోనే కోత.

జీతం పెంచమని, పక్కన ఒక మనిషిని ఇవ్వమని అడిగాం. మాలో పెద్దవాడు దస్తగిరి మామ వెళ్ళి మాట్లాడాడు. కూర్చుని చక్రం తిప్పడానికి తోడెందుకని షావుకారు నవ్వాడట. ఒక్కసారి మీరే ఎక్కి చూడండి అన్నాడు మామ. షావుకారుకు పౌరుషం వచ్చింది. వస్తానన్నాడు. కష్టమని తనకే తోస్తే రెండూ ఇస్తానని అందరి ముందూ మాట ఇచ్చాడు.

ఆయనను ఎవరి లారీలో ఎక్కించాలి? ఆ మాటలు జరిగినప్పుడు నేను గిద్దలూరు షెడ్డులో నా లారీ కింద పడుకుని నట్లు బిగిస్తున్నాను. అవతల కూర్చున్నవాళ్ళు నన్ను చూడలేదు.

"ఇంకెవురు మామా, మన అలకల బావను పంపు" అన్నాడు దావీదు. హనుమంతునిపాడు వైపు నుంచి వచ్చినవాడు, నా ఈడువాడు, నన్ను బావా అనే పిలిచేవాడు. "ఆయన తోల్తే పలకలు పిండైపోతాయి. షావుకారు నడుం పట్టుకోని దిగుతాడు. మన పని అయిపాయె."

అందరూ నవ్వారు.

"మెల్లగా మాట్లాడరా. వాడు విన్నాడంటే సచ్చేదాంక మర్చిపోడు" అన్నాడు మామ.

"ఆయన మర్చిపోయిందేందన్నా ఉందా? ఎప్పుడో టీలో చక్కెర తక్కువ పోసినానని ఇప్పటికీ నా చేతి టీ తాగడు."

చక్కెర తక్కువ కాదు, అసలు వేయలేదు. అది అలా ఉంచండి. లారీ కింద నూనె నా చెంప మీద కారుతోంది. తుడుచుకోలేదు. నేను చెడ్డ డ్రైవరునట. అందుకని నన్ను పంపుతారట. అదే మాట నా ముఖాన అని, కుదుపులు పెట్టి తోలు బావా అని అడిగి ఉంటే తోలేవాడినేమో. అడగలేదు. సాయంత్రం మామ వచ్చి, నువ్వే తోలాలి, అందరం నీ మీదే ఆశ పెట్టుకున్నాం అన్నాడు. తలాడించాను.

యర్రగొండపాలెం వైపు అడవి పల్లెలో బొగ్గు కాల్చే వాళ్ళుంటారు. వాళ్ళ దగ్గర మంచి బొగ్గు కొన్నాను, నా చేతి డబ్బుతో. ఎండబెట్టాను. జల్లెడ పట్టి పొడి తీసేశాను. పొయ్యి గొట్టాలు విప్పి మసి గీకాను. ఎందుకు చేస్తున్నానో నాకు తెలుసు. తెలియనట్టు ఈలవేసుకుంటూ చేశాను.

అనుకున్న రోజు తెల్లారి షావుకారు నా పక్కన కూర్చున్నాడు. కనుమ మొదలైంది. ఇక్కడి నుంచి ఎలా చెప్పాలో నాకు తెలియడం లేదు. ఆ కొండ నేను ఎన్నోసార్లు ఎక్కినదే. ఆ పూట మాత్రం కొండే మమ్మల్ని ఎత్తుకుని పోయింది. ఇంజను చప్పుడు మారబోయే ముందే నా చేతికి తెలిసేది. మలుపు రాకముందే నా ఒళ్ళు మలుపు తిరిగేది. వెదురు పొదల్లోంచి ఎండ దారి మీద ముక్కలు ముక్కలుగా పడి ఉంది. ఒక నెమలి దారి దాటుతూ తొందరపడలేదు. కింద లోయ తెరుచుకుంటూ పోయింది, పొరలు పొరలుగా, నీలంగా, చివర లేకుండా. వెనక అన్ని పెట్టెలున్నాయి, ఒక్క పలక గలగలమనలేదు. ఇంత బరువు ఇంత నిశ్శబ్దంగా ఆకాశంలోకి ఎలా పోతోంది? తోలుతున్నది నేనేనా? నాకు భయం వేసింది. మా అమ్మ చిన్నప్పుడు దేవుడి గురించి చెబుతుంటే వేసిన భయం అది.

షావుకారు నిద్రపోయాడు. తల నా భుజం మీద వాలింది.

పైకి చేరే ముందు చివరి మలుపులో ఒక గుంత ఉండేది. అందరికీ తెలిసిన గుంత. చక్రం అందులో దించితే చాలు, పెట్టెలు ఎగిరేవి, ఆయన తల రేకుకు కొట్టుకునేది, లారీ ఆగిపోయేది, దిగి రాయి పెట్టమని ఆయనతోనే అనేవాడిని. అది నాకు తోచింది. తోచలేదని అబద్ధం ఆడను. దస్తగిరి మామ ముఖం కూడా గుర్తొచ్చింది. గుంత దగ్గరకు వస్తోంది. నా చేతులు వేలెడు సందులో దాని పక్క నుంచి లారీని తప్పించాయి. చేతులు అంటున్నాను చూడండి. నేను తప్పించాను.

నంద్యాలలో షావుకారు పెట్టెలు విప్పించాడు. ఒక్క పలకా పగల్లేదు.

"ఇంట్లో ఉయ్యాల మంచం మీద కూడా ఇట్ల నిద్ర పట్టదు కదరా! నిజం చెప్పు, దీనికి పక్కన మనిషి కావాల్నా?"

"నాకైతే అక్కర్లే" అన్నాను. జీతమూ పెంచను, మనిషినీ ఇవ్వనని షావుకారు అక్కడే తేల్చేశాడు.

వెనక్కి వచ్చి వాళ్ళతో, ఎన్ని కుదుపులు పెట్టినా ఆయన కదలలేదు, రాయి లాంటి మనిషి అని చెప్పాను. నమ్మారు. దావీదు నా వీపు తట్టి, "నువ్వేం చేస్తావులే బావా" అన్నాడు.

ఆ వానాకాలంలో దావీదు లారీ అదే ఎక్కుడులో నిలిచిపోయింది. ఒక్కడే. చేతి బ్రేకు లాగి దిగాడు. రాయి ఎత్తుకుని వెనక చక్రం దగ్గరకు పోయేసరికి లారీ అతని మీదికి జారింది. మేకల కాపరి చూసినది అంతే.

తర్వాత షావుకారు అన్ని లారీలకూ మనుషులను పెట్టాడు. జీతాలూ కాస్త పెంచాడు. ఆ పెరిగిన జీతం నేనూ తీసుకుంటున్నాను. దావీదు భార్య పలకల గనిలో రాళ్ళు మోస్తుంది. ఎదురైతే "బాగుండావా అన్నా" అంటుంది. బాగున్నానంటాను.

దావీదు అన్న మాట నేను ఇప్పటికీ క్షమించలేదు. అతను చచ్చిపోయినా క్షమించలేదు. నేను చేసినదీ క్షమించడం లేదు. అంతకంటే చెప్పలేనిది ఇంకొకటి ఉంది. కళ్ళు మూసుకుంటే ముందు ఆ పొద్దుటి కనుమే వస్తుంది, నెమలితో, నీలంతో, ఆ నిశ్శబ్దంతో. ఒళ్ళు పులకరిస్తుంది. దావీదు ఆ తర్వాతే వస్తాడు. ఎన్నేళ్ళయినా ఆ వరస మారడం లేదు. నా జన్మలో నేను చేసిన గొప్ప పని అదే, చేసిన పాపమూ అదే. రెంటినీ విడదీయడం నాకు చేతకాలేదు.

రాశాను. ఊపిరి కొంచెం లోపలిదాకా పోతోంది. క్షమించమని అడగడం లేదు. చదివి, పాపం ఎవరో అని పక్కన పెట్టేస్తే మాత్రం ఊరుకోను. బాగా తోలడం నేరమా? ఆ మనిషిని నేను చంపినట్టా, కాదా? ఎవరో ఒకరు నాకు సూటిగా జవాబు చెప్పాలి.