గొర్రెతోలు సంచుల్లో పదకొండు తుపాకులు

డెల్బర్ట్ స్కౌ జీవితంలో ఒక్కసారే ఒక మనిషి చాచిన చెయ్యి పట్టుకోకుండా వదిలేశాడు. షెరిడన్ ఊళ్ళో పాత తుపాకుల సంత జరుగుతోంది. ఎవడో నూటపాతికేళ్ళ నాటి రైఫిలుని ఇనప పీచుతో తోమి, స్టీలు గ్లాసులా తళతళలాడించి బల్ల మీద పెట్టాడు. ఎలా ఉందని అడిగి చెయ్యి చాచాడు.

"పీనుక్కి పౌడరు రాసినట్టుంది" అని డెల్బర్ట్ ముందుకు నడిచాడు.

పాత ఇనుము మీద చేరే గోధుమ రంగు పొర మురికి కాదనేవాడు. అది దాని వయసు. గీకితే వయసు పోతుంది, పోయింది మళ్ళీ రాదు. చదువుకున్నవాడు కాదు. ముప్పైనాలుగేళ్ళు కౌంటీ రోడ్లు చదును చేసే యంత్రం నడిపాడు, చలికాలంలో మంచు తోశాడు. రిటైరయ్యాక పౌడర్ నది పక్క కంకర రోడ్డు మీద ఉన్న ఇంట్లో భార్య ఆర్డిస్‌తో, పదకొండు రైఫిళ్ళతో ఉండేవాడు. పదకొండూ లీవరువే. పిడి కింద ఇనప వంపుని కిందికి తోసి పైకి లాగితే తూటా ఎక్కే రకం. అందులో సంతలో పేరున్నది ఒక్కటీ లేదు. అన్నీ ఎవరి గుర్రం జీనుకో, ఎవరి వంటింటి తలుపు వెనకో వేలాడి అరిగిపోయినవే. ఎవరివో తెలియని తుపాకిని అతను ఇంటికి తెచ్చేవాడు కాదు.

తెలుసుకున్నది చెబుతుంటే ఆర్డిస్ చిన్న చీటీ మీద రాసి దారంతో లీవరుకి కట్టేది. ఒకదాని మీద, 'కట్టెలు కొట్టే రూబెన్ టాల్‌మన్‌ది. పిడి మీద గాట్లు అతని కుక్క పళ్ళవి. కుక్క పేరు ఎవరికీ గుర్తులేదు.' ఇంకోదాని మీద, 'మెక్‌ఫాల్ గారి విధవది. ఎలుగుబంటి కోసం కొన్నది. ఒక్కసారే పేల్చింది, తగల్లేదు, ఎలుగు మళ్ళీ రాలేదు.' ఆమె అక్షరాలు పక్కకి ఒరిగి, గాలికి వంగిన గడ్డిలా ఉండేవి.

నెలలో మొదటి ఆదివారం పదకొండూ వంటింటి బల్ల మీదికి వచ్చేవి. డెల్బర్ట్ చేతులకి నూలు తొడుగులు వేసుకుని, ఆర్డిస్ పాత నైటీ చింపిన మెత్తటి గుడ్డకి ఒక్క చుక్క నూనె తగిలించి, ఒక్కోదాన్నీ తుడిచేవాడు. ఆమె ఎదురుగా కూర్చుని ఆపిల్ పళ్ళు చెక్కు తీసేది.

"నలభై ఆరేళ్ళయింది పెళ్ళయి. నాకెప్పుడైనా ఇంత శ్రద్ధగా నూనె రాశావా?"

"నువ్వు తుప్పు పట్టవుగా."

"పట్టాక తెలుస్తుందిలే నీకు."

ఆ ఇంటికి చనువుగా వచ్చేవాడు ఒక్కడే, బెన్యాత్ ఇరియార్త్. బాస్కు జాతి వాడు, తాతల నాటి నుంచీ గొర్రెలవాళ్ళు. నలభై ఏళ్ళ స్నేహం. వచ్చి గోడకి వేలాడే తుపాకుల వైపు చూస్తే చాలు, డెల్బర్ట్ నోటి వెంట ఒకటే మాట: "చెయ్యి పెట్టకు. వేళ్ళకి ఉప్పుంటుంది. ఇవాళ్టి వేలిముద్ర వచ్చే వారానికి తుప్పు."

"ఒరేయ్, చర్చిలో కూడా ఇంత ఒద్దికగా కూర్చోనురా నేను" అనేవాడు బెన్యాత్, చేతులు చంకల్లో దోపుకుని.

పోయినేడు సెప్టెంబరులో ఆర్డిస్ పోయింది. కడుపులో నొప్పి అన్నది, పందొమ్మిదో రోజున లేదు. డెల్బర్ట్ ఏడవలేదు. అక్టోబరు మొదటి ఆదివారం వచ్చింది, పోయింది, గోడ మీది తుపాకులు గోడ మీదే ఉన్నాయి. అతను వాటి వైపు చూడనైనా లేదు.

తర్వాత ఒక పొద్దున కాఫీ హోటల్లో రోడ్ల పనివాళ్ళు మంచు తోసే బండికి కొత్త బ్లేడు వస్తోందని చెప్పుకుంటున్నారు. "ఈ చలికాలం నేను చూడనులే" అన్నాడు డెల్బర్ట్, రేపు వాన రాదులే అన్నంత తేలిగ్గా. బల్ల చుట్టూ ఉన్నవాళ్ళు ఎవరి కప్పులోకి వాళ్ళు చూసుకున్నారు. బెన్యాత్ ఒక్కడే అతని మొహం చూశాడు.

మర్నాడు పొద్దున్నే బెన్యాత్ పికప్ బండి వాకిట్లో ఆగింది.

"కాఫీ ఉందా?"

"ఉంది. చల్లారిపోయింది."

"బండి వెనక దుప్పట్లు పరిచాను."

డెల్బర్ట్‌కి అంతకంటే చెప్పక్కర్లేదు. ఆ ప్రాంతంలో మగాడికి పెళ్ళాం పోయినా, మంద పోయినా, భూమి పోయినా ఒక స్నేహితుడు బండి తీసుకుని వస్తాడు. తుపాకులు పట్టుకుపోతాడు. ఎందుకని ఇతను అడగడు, అతను చెప్పడు. మనిషి కుదుటపడ్డాక తెచ్చి ఇస్తాడు, ఆ తర్వాత జన్మలో ఆ మాట ఎత్తరు. ఎనభైనాలుగో సంవత్సరం వసంతంలో మంచుతుపానుకి బెన్యాత్ గొర్రెలు ఆరువందలు కంచె వారన గుట్టపడి చచ్చినప్పుడు, అలా దుప్పటి పరుచుకుని వెళ్ళింది డెల్బర్టే. నాలుగు నెలలు దాచి, నెలనెలా నూనె తుడిచి, తిరిగి ఇచ్చాడు.

"ఎప్పటిదాకా?" అన్నాడు.

"గొర్రెలు ఈని, ఉన్ని కత్తిరింపు అయ్యేదాకా. మే నెల."

"అప్పటిదాకా ఉండాలన్నమాట."

"ఉండి ఏడువు. ఈనే రోజుల్లో నీకు గొయ్యి తవ్వే తీరిక నాకెక్కడిది?"

డెల్బర్ట్ తొడుగులు వేసుకుని ఒక్కోటి అందించాడు. నెలకోసారి నూనె పెట్టాలి, పొడి చోట ఉంచాలి, గాలి ఆడాలి. ఎవరికైనా చెప్పే ఈ మాటలు ఆ రోజు అతని బుర్రలో లేవు. బుర్రలో ఏదీ లేదు. అలవాటు కొద్దీ నోట్లోంచి ఒక్కటే వచ్చింది.

"చెయ్యి పెట్టకు."

"పెట్టనురా బాబూ. ఎన్నేళ్ళు చెబుతావు అదే ముక్క."

బండి పోయాక, ఖాళీ గోడ ముందు కూర్చున్నప్పుడు, డెల్బర్ట్‌కి మొదటిసారి ఏడుపొచ్చింది. తుపాకుల కోసం కాదు. చీటీల కోసం. ఆర్డిస్ చేతిరాత ఆ ఇంట్లో ఇంకెక్కడా పెద్దగా లేదు. ఉత్తరాలు రాసే మనిషి కాదు. క్యాలెండర్ మీద సెప్టెంబరు దాకా 'గుడ్లు', 'పళ్ళ డాక్టరు' అని రాసుకున్నది తప్ప, ఆమె రాసిందంతా ఆ పదకొండు చీటీల మీదే ఉంది.

అందుకని మే దాకా బతికాడు. అదొక్కటే కారణం, వేరే గొప్ప సంగతేమీ లేదు. గుడ్లు పెనం మీంచే తిన్నాడు. క్యాలెండర్‌లో రోజులు కొట్టేశాడు. గోడ మేకులకి కొత్త మెత్తలు అతికించాడు. ఆర్డిస్ నైటీ ఇంకోటి తీసి, కత్తెర పెట్టబోయి, మళ్ళీ మడత పెట్టేశాడు. చీటీల మీది మాటలు పైకి అనుకునేవాడు. ఫిబ్రవరికి రెండు మూడు తప్పిపోసాగాయి. కుక్క పేరు గుర్తులేదని రాసిందా, తెలియదని రాసిందా? మేలో చూసుకోవచ్చులే అనుకున్నాడు. చలికాలమంతా ఆ 'మేలో' అన్న మాట పట్టుకునే వేలాడాడు.

మే రెండోవారంలో బెన్యాత్ వచ్చాడు. పికప్ వెనక పదకొండు తెల్లటి పొడుగు సంచులు. ఒక్కోటీ రెండు చేతుల మీద మోసుకొచ్చి వంటింటి బల్ల మీద పరిచాడు.

"మా ఆవిడ మైతె కుట్టింది, చలికాలమంతా. తోళ్ళు మన గొర్రెలవే. నేనే ఉప్పూ పటికా పట్టించి పదును చేశాను. లోపలంతా ఉన్ని, చూడు. ఇంట్లో పెడితే పిల్లమూక ఉంది కదా, నేలలో తవ్విన బంగాళాదుంపల కొట్టులో పెట్టి తాళం వేశా. పెట్టింది పెట్టినట్టు. ఆర్నెల్లలో ఒక్క వేలు తగల్లేదు. నువ్వు చెప్పిన మాట జవదాటలేదురా."

డెల్బర్ట్‌కి ఉప్పు అన్నది వినబడింది. నేలలో తవ్విన కొట్టు అన్నది వినబడింది. దగ్గరున్న సంచి ముడి విప్పి రెండు వేళ్ళ వెడల్పు తెరిచాడు. తడి ఇనుము వాసన. తెల్లగా ఉండాల్సిన ఉన్ని ఎర్రగా ఉంది, గొట్టానికి అంటుకుపోయి ఉంది.

మళ్ళీ ముడి వేశాడు.

"బాగున్నాయి."

"తీసి చూడవేం?"

"చేతులు కడుక్కోవాలి. తర్వాత చూస్తా."

బెన్యాత్ పగలబడి నవ్వాడు. నవ్వుతూనే కళ్ళు తుడుచుకున్నాడు. "చచ్చినా మారవురా నువ్వు. పోనీలే. ఉన్నావు, అది చాలు నాకు."

అతను వెళ్ళాక పదకొండూ విప్పాడు డెల్బర్ట్. ఉన్ని తగిలిన మేరంతా తుప్పు బొబ్బలెక్కింది. నెమ్మదిగా గీకి చూశాడు, కింద మశూచి మచ్చల్లా గుంటలు. తుప్పు తియ్యాలంటే ఇనప పీచు పట్టాలి. పడితే నూరేళ్ళ రంగూ దాంతోపాటే పోతుంది. సంతలో తాను చెయ్యి కలపని మనిషి చేసిన పనే తనూ చెయ్యాలి. చేసినా గుంటలు పూడవు. అది కూడా భరించేవాడేమో. చీటీలు తేమకి మెత్తబడి, సిరా కరిగి ఊదారంగు మరకలయ్యాయి. కళ్ళద్దాలతో చూశాడు, కిటికీ దగ్గర పెట్టి చూశాడు. పదకొండు చీటీల్లో కలిపి మిగిలింది రూబెన్ పేరులో మొదటి రెండక్షరాలు.

తప్పు ఎవరిది అంటే ఎవరిదని చెబుతాడు? వాడు ప్రాణం నిలబెడదామని తీసుకెళ్ళాడు. ముట్టుకోవద్దంటే ముట్టుకోలేదు.

రెండు వారాల తర్వాత బెన్యాత్ కాఫీకి వచ్చాడు. గోడ వైపు చూశాడు.

"ఏవీ?"

"అమ్మేశా."

"అన్నీ?"

"పదకొండూ. బిల్లింగ్స్ నుంచి ఒకడొచ్చాడు."

బెన్యాత్ కప్పు కింద పెట్టాడు. "మైతె వేళ్ళు సూది గుచ్చుకుని పుళ్ళు పడ్డాయిరా. అవి నీ ప్రాణం అనుకున్నాం మేము."

"తుపాకులే కదా."

"ఆర్డిస్ చీటీలు?"

"వాటితోపాటే పోయాయి."

ఆ మధ్యాహ్నం డెల్బర్ట్ ఆడిన నిజం అదొక్కటే.

బెన్యాత్ లేచి టోపీ పెట్టుకున్నాడు. గుమ్మం దగ్గర ఆగి, తిరక్కుండానే అన్నాడు. "ఆర్డిస్ బతికుంటే నీ మొహాన ఉమ్మేది."

అంతే. ఇప్పుడు కాఫీ హోటల్లో బెన్యాత్ వేరే బల్ల దగ్గర కూర్చుంటాడు. నలభై ఏళ్ళ స్నేహం ఒక్క మాటతో తెగింది. తెగ్గొట్టింది తనే. నిజం చెబితే వాడు ఆ భారంతో ఎలా బతుకుతాడో డెల్బర్ట్‌కి తెలుసు. ఆరువందల గొర్రెలు పోయినప్పుడు చూశాడు వాణ్ణి.

సంచులు ఆర్డిస్ కుట్టుమిషను గదిలో ఉన్నాయి. మే చివర్లో ఒకసారి పదకొండూ బండెక్కించి, నదిలో పారేద్దామని తీసుకెళ్ళాడు. మొదటిదాని లీవరుకి ఆ రెండక్షరాలు వేలాడుతూ కనిపించాయి. అన్నీ మళ్ళీ ఇంటికే తెచ్చాడు.

చలికాలం చూడనని ఇప్పుడు అనుకోవడానికి కూడా లేదు. ఆ ప్రాంతంలో ఒంటరివాడు పోతే ఇల్లు సర్దడానికి వచ్చేది పాత స్నేహితుడే. ఎంత కోపమున్నా వస్తాడు, అది రివాజు. బెన్యాత్ వస్తాడు, కుట్టుమిషను గది తలుపు తీస్తాడు, ముళ్ళు విప్పుతాడు. కాబట్టి బెన్యాత్ పోయేదాకా డెల్బర్ట్ ఉండాలి. బెన్యాత్ అతనికంటే నాలుగేళ్ళు చిన్న, జలుబైనా ఎరగడు.

జూన్ మొదటి ఆదివారం కుట్టుమిషను గదిలో తలుపు వేసుకుని, నూలు తొడుగులు వేసుకుని, గుంటల మీద నూనె రాస్తున్నాడు. గుడ్డకి ఎర్రగా అంటుతోంది. బయట కంకర మీద బండి చప్పుడు వినిపించింది. ఆ ఇంజను అతను నిద్రలో కూడా పోల్చుకుంటాడు. చెయ్యి ఆపి విన్నాడు. వాకిలి దగ్గర నెమ్మదించలేదు. దుమ్ము కిటికీ దాకా వచ్చి, తేలి, కిందికి దిగింది. డెల్బర్ట్ రెండోది చేతిలోకి తీసుకున్నాడు.