ఒట్టికాళ్ళ నేలకు కుంకుడు నీళ్ళు

మా వెనకింటి అవ్వ పోయిన నెలలో ఒక సోమవారం వెళ్ళిపోయింది. పొద్దున నేను దీపం వెలిగించబోతుంటే ఆమె కోడలు గోడ అవతలి నుంచి పిలిచింది. "అక్కా, మాయత్త పిలిస్తే పలకల్యా," అనింది. అగ్గిపుల్ల ఆర్పి పరుగెత్తాను.

చుట్టరికం ఏమీ లేదు. ఇరవై ఏళ్ళుగా తిరుపతిలో ఒకే గోడకు అటూ ఇటూ ఉన్నాం. ఆమె బంగారుపాళ్యం దగ్గరి పల్లె నుంచి వచ్చిన మనిషి. ఎండ పడగానే మెట్టు మీద కూర్చుని రాయితో కుంకుడుకాయలు పగలగొట్టేది. తలకు, పట్టుచీరలకు, గిన్నెలకు, గచ్చుకు, అన్నిటికీ అదే. నల్లటి గింజలు ఏరి వీధి పిల్లలకు ఆడుకోను ఇచ్చేది.

అమ్మ పోయాక మా చెల్లెలిని పెంచింది నేనే. తను బస్టాండు దగ్గర ఒక లాడ్జీలో గదులు కడుగుతుంది. రెండేళ్ళ కిందట యాసిడ్‌కు, ఫినాయిలుకు ఆమె అరచేతులు పగిలి నెత్తురు కారింది. పులుసన్నం చేత్తో కలపలేక స్పూనుతో తినేది. గ్లవ్స్ వేసుకుంటే చెమటకు ఇంకా మండేది. మందు ఒక్కటే చాలదు, ఆ నీళ్ళు ముట్టుకోవద్దు అనింది డాక్టరమ్మ. ముట్టుకోకపోతే పని ఉండదు. భర్త లేని మనిషికి ఆ పనే ధైర్యం. నేను దేవుడికి మొక్కుకున్నాను. అంతకు మించి నాకేం తోచలేదు.

అవ్వకు తోచింది. "మొక్కేది మొక్కు, ఆ యమ్మిని మాత్రం రేపు ఈడికి పంపు," అనింది.

నానబెట్టిన కుంకుడు తొక్కల్ని ఉడికించి, పిసికి, గుడ్డలో వడగట్టడం నేర్పింది. గ్లాసు రసానికి బకెట్ నీళ్ళు. మా చెల్లెలు తొందర మనిషి. ఇంకా బాగా శుభ్రం కావాలని, నీళ్ళు కలపకుండానే రసమంతా లాడ్జీ వరండాలో కుమ్మరించింది. చీపురు వేసేసరికి నురగ పొంగి మెట్లు దిగింది. కడిగేసరికి మధ్యాహ్నమైంది.

అవ్వ కడుపు పట్టుకుని నవ్వింది. "ఏమ్మే, లాడ్జీకి తలంటు పోసినావా? సాంబ్రాణి గూడా ఎయ్యకపోతివా!"

చెల్లెలు నవ్వలేదు. "మేనేజరు రేపట్నుంచి రావద్దన్నాడవ్వా," అని ఏడ్చింది.

మరుసటి రోజు అవ్వ మా ఇద్దరినీ వెంటబెట్టుకుని ఆటో ఎక్కింది. లాడ్జీలో తానే కుంకుడు నీళ్ళతో ఒక గది కడిగి, మంచినీళ్ళతో తుడిచి, ఆరాక మేనేజరును పిలిచింది.

"వాసనే రాల్యా అవ్వా. ఫినాయిలు వాసన లేకుంటే కడిగినామంటే ఎవురు నమ్ముతారు?"

"ముక్కుతో ఏం నమ్ముతావు నాయనా. చెప్పులిడ్సి నడిసి సూడు."

"నేనా?"

"కాదు, మీ నాయన! గుండు కొట్టిచ్చుకోని కొండ దిగొచ్చేటోళ్ళు ఒట్టికాళ్ళతో తిరిగే నేల గదా ఇది. నువ్వూ ఒకసారి తిరుగు."

అతను చెప్పులు విడిచాడు. గోడ దాకా నడిచి వచ్చాడు. మడమతో నేలను రుద్ది చూశాడు. "సరే, ఒక నెల సూస్తాం. నురగ మాత్రం మళ్ళా మెట్లు దిగగూడదు," అన్నాడు.

ఆ నెల ఇంకా అయిపోలేదని చెల్లెలు ఇప్పటికీ నవ్వుతుంది.

"ఒకరు కాలు పెట్టే చోటును ముందు మన అరచేత్తో తడిమి సూడాల," అనేది అవ్వ. పూజగది తుడిచినప్పుడల్లా నేనూ అలాగే చూస్తాను. చెల్లెలు మందు రాసుకోవడం చాన్నాళ్ళు మానలేదు. పగుళ్ళు ఎప్పుడు పూడాయో నేను గమనించలేదు, తనూ చెప్పలేదు.

అవ్వ పెద్దకర్మ రోజు, ఫొటో ముందు పెట్టాల్సిన ఇత్తడి దీపపు కుందె నల్లబడి ఉంది. కోడలు చింతపండు, ఉప్పు తెచ్చుకుని తోమబోయింది. "ఇటియ్యి వదినా, నేను తోముతా," అని చెల్లెలు లాక్కుంది. ఒట్టి చేతులతో చింతపండు పిసికి, ఉప్పు అద్ది తోమసాగింది. నేను గడపలో నిలబడిపోయాను. తను ఒక్కసారైనా చెయ్యి వెనక్కు తీసుకోలేదు. పులుపు మణికట్టు దాటి మోచేతి దాకా కారుతోంది. ఆ వేళ్ళ మధ్య కుందె కొంచెం కొంచెంగా పసుపుపచ్చగా మెరుస్తోంది.